గొంతులో రెండో చాంద్

క్యాజువాలిటీ తలుపు బయట నిలబడ్డవాళ్ల సవాల్ ఎప్పుడూ ఒక్కటే. అడిగే తీరు మాత్రం వేరు. పాతబస్తీ వాళ్లు "సాంస్ చల్‌రీ క్యా డాక్టర్ సాబ్?" అంటారు. పల్లెల నుంచి వచ్చినవాళ్లు "దమ్ము తీస్తుండా బిడ్డా?" అంటారు. గుంటూరు, విజయవాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు "ఊపిరి ఆడుతోందాండీ?" అంటారు. బీపీ ఎంత, ఈసీజీలో ఏముంది అన్నవి తర్వాతి మాటలు. ముందు సాంస్ సంగతి తెలియాలి.

దమ్ అనే మాట ఫార్సీ నుంచి ఉర్దూలోకి, ఉర్దూ నుంచి మన తెలుగులోకి వచ్చి ఇంటిమనిషి అయిపోయింది. దమ్ అంటే ఊపిరి. ధైర్యమున్నవాడు దమ్మున్నోడు. డేగ్ మూతకి పిండి అంటించి ఆవిరిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచితే దమ్ బిర్యానీ. ఊపిరి ఆడనివ్వని మర్జ్ పేరు దమా. దాదీమా ఆఖరి దమ్ దాకా చేతిలో తస్బీహ్ వదల్లేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నేను ఎమర్జెన్సీ డాక్టర్ని. ఈ పన్నెండేళ్లలో నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, "దమ్ నడుస్తోందా" అన్న సవాల్‌కి సచ్చా జవాబు చెప్పడం ఒక ఎత్తు. ఇవాళ దాని గురించే రాస్తున్నాను. ఇందులో నా గల్తీ కూడా ఉంది. రాయాలా వద్దా అని చాలా రోజులు ఆగాను.

ముందు గొంతు సంగతి చెప్పాలి. మన గొంతులో రెండు దారులుంటాయి. ముందున్నది శ్వాసనాళం. మెడ ముందు భాగం వేలితో తడిమితే గట్టిగా, మెట్లు మెట్లుగా తగులుతుందే, అదే. ఉంగరాల్లాంటి మెత్తటి ఎముకలు దాన్ని ఎప్పుడూ తెరిచే ఉంచుతాయి. దాని వెనకాల, చాలామందిలో కొంచెం ఎడమవైపుకి ఒదిగి, అన్నవాహిక ఉంటుంది. అది మెత్తటి గొట్టం. ముద్ద దిగేటప్పుడే తెరుచుకుంటుంది, మిగతా వేళల్లో ముడుచుకుని పడుకుంటుంది.

మనిషి సొంతంగా ఊపిరి తీసుకోలేని హాలత్‌లో ఉంటే నోట్లోంచి ఒక ప్లాస్టిక్ ట్యూబ్‌ని శ్వాసనాళంలోకి దించుతాం. దాని ద్వారా ఆక్సిజన్ పంపుతాం. ఆపరేషన్ థియేటర్‌లో ఇది ఇత్మినాన్‌గా జరిగే పని. వెలుతురు ఉంటుంది, ఖాళీ కడుపు ఉంటుంది, టైమ్ ఉంటుంది. క్యాజువాలిటీలో వాంతి ఉంటుంది, నెత్తురు ఉంటుంది, నురగ ఉంటుంది, ఒక్కోసారి పక్కన ఇంకొకరు గుండె మీద చేతులు పెట్టి నొక్కుతూ ఉంటారు. రెండు దారుల మూతులూ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ట్యూబ్ తప్పు దారిలోకి పోవడం ఎంత చేయి తిరిగినవాళ్లకైనా జరిగే మాటే. అందులో షరమ్ ఏమీ లేదు. పోయిందని మనకు తెలియకపోతేనే ముప్పు. అప్పుడు మనం పంపే ప్రతి ఊపిరీ కడుపులోకి పోతుంది. మనిషి మన కళ్ల ముందే, మన చేతుల్లోనే, ఊపిరందక పోతాడు.

వెయ్యేళ్ల కిందట ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్'లో, ఊపిరి ఆడని రోగి గొంతులోకి బంగారంతోనో వెండితోనో చేసిన గొట్టాన్ని దించి సాయం చేయవచ్చని రాశారు. 1037లో ఆయన పోయారు. మెడికల్ కాలేజీలో ఈ ముక్క చదివిన రోజు ఇంటికొచ్చి గర్వంగా అబ్బాకి చెప్పాను. అబ్బా కాసేపు ఆలోచించి ఒకటే అడిగారు. "గొట్టం సరైన చోటికి పోయిందని ఆయనకి ఎలా తెలిసేది బేటీ?"

అబ్బా నలభై ఏళ్లు ఖాజీ సాబ్ దఫ్తర్‌లో నికాహ్‌నామాలు రాశారు. దేన్ని విన్నా గవాహ్ ఎవరని అడగడం ఆయనకి ఆదత్. అప్పుడు నవ్వి ఊరుకున్నాను.

పీజీ మొదటి ఏడాది. ఊరు పేరు, ఆస్పత్రి పేరు రాయను. రాత్రి రెండు దాటింది. పత్తి చేలోకి తెచ్చిన పురుగుల మందు తాగిన అబ్బాయిని తీసుకొచ్చారు. ఇరవై ఏళ్లుంటాయేమో. నోటి నిండా నురగ, ఒళ్లంతా చెమట, కంటిపాపలు గుండుసూది మొనంత. ఈ మందు శరీరంలో నీళ్లన్నిటినీ ఊపిరితిత్తుల్లోకి, నోట్లోకి తోడేస్తుంది. ఊపిరి తీసే కండరాలని కూడా పడగొడుతుంది. అట్రోపిన్ మీద అట్రోపిన్ ఎక్కిస్తున్నాం. ట్యూబ్ వేయక తప్పలేదు. సీనియర్ పక్క గదిలో యాక్సిడెంట్ కేసు దగ్గర ఉన్నాడు. నేనే వేశాను.

దారి కనిపించిందనే అనుకున్నాను. నురగలో ఏదో కనిపించింది, ట్యూబ్ దిగింది. స్టెతస్కోపు ఛాతీ మీద పెట్టాను, గాలి శబ్దం వినిపించింది. ట్యూబ్ లోపల మంచు పట్టినట్టు ఆవిరి కనిపించింది. ఛాతీ లేస్తున్నట్టే ఉంది. వేలికి పెట్టిన మీటర్ 97 చూపిస్తోంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

మందు తేవడానికి తలుపు దాకా వెళ్లాను. వాళ్ల అమ్మ నా చేయి పట్టుకుంది. చీర కొంగుకి కొడుకు వాంతి అంటి ఉంది. "నా కొడుకు దమ్ము తీస్తుండా బిడ్డా?" అని అడిగింది. "తీస్తున్నాడమ్మా, భయపడకు" అన్నాను.

నేను వెనక్కి వచ్చేసరికి మీటర్ 80కి దిగింది. తర్వాత 60. కడుపు గట్టిగా ఉబ్బి ఉంది. సీనియర్ పరుగెత్తుకొచ్చి స్టెతస్కోపు కడుపు మీద పెట్టాడు. ఒక్క మాట మాట్లాడకుండా ట్యూబ్ లాగేసి, మాస్క్‌తో ఊపిరి ఇచ్చి, కొత్త ట్యూబ్ వేశాడు. ఈ మధ్యలో ఎన్ని నిమిషాలు పోయాయో ఎవరూ గడియారం చూడలేదు. నాలుగు కావచ్చు, ఆరు కావచ్చు. ఊపిరి అందకపోతే మెదడుకి ఆ నాలుగైదు నిమిషాలే చాలా ఎక్కువ.

ఆ గవాహ్‌లన్నీ ఎందుకు అబద్ధం చెప్పాయో తర్వాత తెలిసింది. కడుపులోకి పోయే గాలి శబ్దం ఛాతీ మీద కూడా వినిపిస్తుంది. ఆవిరి అన్నవాహికలోని ట్యూబ్‌లో కూడా పడుతుంది. కడుపు ఉబ్బినా ఛాతీ లేచినట్టు కనిపిస్తుంది. ట్యూబ్ వేసే ముందు ఆక్సిజన్ నింపుతాం కాబట్టి, నెత్తుట్లో ఆ నిల్వ అయిపోయేదాకా మీటర్ అంతా ఖైరియత్ అనే చూపిస్తుంది. తప్పు జరిగిందని అది చెప్పేసరికి ఆలస్యం అయిపోయి ఉంటుంది.

అబ్బాయి మూడో రోజు చనిపోయాడు. అంత మందు తాగినవాడు ఎలాగూ బతికేవాడు కాదని, దిల్ మీద పెట్టుకోవద్దని అందరూ అన్నారు. నిజమే కావచ్చు. ఆ నిమిషాల వల్ల పోయాడా, మందు వల్ల పోయాడా అన్నది నాకు ఎప్పటికీ తెలియదు. తెలిసింది ఒకటే. ఒక అమ్మ తన కొడుకు దమ్ము తీస్తున్నాడా అని అడిగింది. ఆ క్షణంలో అతనికి ఒక్క ఊపిరి కూడా అందడం లేదు. నేను అందుతోందని చెప్పాను.

ఆ తర్వాత కూడా నేను ఆమెకి నిజం చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. శవాన్ని తీసుకెళ్లేటప్పుడు ఆమె నాకు దండం పెట్టి పోయింది.

ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. అమ్మీ దిష్టి తీసింది. అబ్బాకి మాత్రం రాత్రి మొత్తం చెప్పాను. ఆయన నన్ను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. "నికాహ్‌లో గవాహ్‌ని మేం రెండు సార్లు అడుగుతాం బేటీ. దుల్హన్ ఒప్పుకోవడం నువ్వు విన్నావా, విన్నాననుకుంటున్నావా అని. చాలామంది రెండోసారి అడిగితే తడబడతారు. వాళ్లు ఝూటేలు కాదు. విన్నాననే అనుకుంటారు" అన్నారు. తర్వాత లేచి తహజ్జుద్‌కి వుజూ చేసుకోవడానికి వెళ్లారు.

మత్తు డాక్టర్ల దగ్గర పోస్టింగ్‌లో ఉన్నప్పుడు ఒక ప్రొఫెసర్ మాకు హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ కహానీ చెప్పారు. క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు కొందరు బల్ల మీదే ఎందుకు చనిపోతున్నారు, ముందు ఆగేది గుండెనా ఊపిరా అని అప్పట్లో ప్రపంచమంతా బహస్. దాన్ని తేల్చడానికి 1888లో ఒకసారి, 1889లో ఒకసారి మన హైదరాబాద్‌లోనే కమిషన్లు కూర్చున్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బు ఇచ్చారు. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించారు. వందల జంతువుల మీద పరీక్ష చేసి, ముందు ఆగేది ఊపిరే, కాబట్టి నాడి పట్టుకుని కూర్చోకుండా ఊపిరిని కనిపెట్టి ఉండండి అని తేల్చారు. ఊపిరిని కనిపెట్టి ఉండమన్న మాట ఇవాళ్టికీ బంగారం. కానీ క్లోరోఫామ్ గుండెని నేరుగా ఆపదన్న వాళ్ల యకీన్ మాత్రం తప్పని తేలింది. లేత మత్తులో అది గుండె లయనే చెదరగొట్టగలదని 1911లో లెవీ అనే ఇంగ్లండ్ డాక్టర్ చూపించాడు. వందల జంతువులు గవాహీ ఇచ్చినా యకీన్ తప్పిపోగలదు. నేను ఒక్క రాత్రి, ఒక్క స్టెతస్కోపు నమ్ముకున్నాను.

ట్యూబ్ సరైన దారిలో ఉందని చెప్పే అసలైన గవాహ్ ఒకటుంది. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. కడుపు నుంచి వచ్చే గాలిలో నిలకడగా ఉండదు. క్యాప్నోగ్రాఫ్ అనే యంత్రం ట్యూబ్ దగ్గర దాన్ని కొలిచి, ప్రతి ఊపిరికీ తెర మీద ఒక అల గీస్తుంది. అల వరసగా వస్తూ ఉంటే ట్యూబ్ శ్వాసనాళంలో ఉంది. అల లేకపోతే, ఉందని ఇంకో గట్టి సబూత్ దొరికేదాకా, లేదనే అనుకోవాలి. 2010 నుంచి అమెరికా హార్ట్ అసోసియేషన్ నియమాల్లో దీనిదే మొదటి స్థానం. దానికి సాటి ఇంకోటి లేదని నేనూ చెబుతాను.

కానీ మన ఆస్పత్రుల సంగతి మీకు తెలుసు. చాలాచోట్ల ఆ యంత్రం థియేటర్‌లో ఉంటుంది, క్యాజువాలిటీలో ఉండదు. ఉన్నచోట దాని సన్నటి గొట్టం నెమ్ము పట్టి మూసుకుపోయి ఉంటుంది, కొత్తది స్టోర్‌లో ఉండదు. గుండె ఆగిపోయిన మనిషిలో నెత్తురు సరిగ్గా తిరగదు కాబట్టి అల బాగా చిన్నదైపోతుంది, చూసేవాళ్లకి శక్ వస్తుంది. అలాంటి చోట పనికొచ్చే గవాహ్ అల్ట్రాసౌండ్. 2015 నియమాల్లో అల యంత్రం లేనప్పుడు, చేయి తిరిగినవాళ్లు చేస్తే, అల్ట్రాసౌండ్‌ని వాడుకోవచ్చని రాశారు కూడా.

అల్ట్రాసౌండ్ అంటే మనకు గర్భిణులు గుర్తొస్తారు, గోడ మీద బోర్డు గుర్తొస్తుంది: ఇక్కడ ఆడా మగా చెప్పబడదు అని. కడుపులో ఆడపిల్లని చంపేసే జుల్మ్‌ని ఆపడానికి 1994లో చట్టం వచ్చింది. అందుకే మన దేశంలో ఈ యంత్రం ప్రతి ఒక్కటీ రిజిస్టర్ కావాలి, ఎవరు వాడతారో ఎక్కడ వాడతారో రాసి ఉండాలి. మా ఇంట్లో నేను మూడో ఆడపిల్లని. ఆ చట్టం అంటే నాకు ఇజ్జత్ ఉంది. కానీ దాని భయంతో కొన్నిచోట్ల యంత్రాన్ని తాళం వేసిన గదిలో పెట్టి, తాళం చెవి పగటి డ్యూటీ వాళ్ల దగ్గర ఉంచేస్తారు. రాత్రి రెండింటికి దమ్ ఆగిన మనిషికి ఆ గది దొరకదు. ఇప్పుడు నేను పనిచేసే చోట క్యాజువాలిటీకి ఒక చిన్న యంత్రం కావాలని అర్జీ పెట్టుకుంటే, కాగితాలన్నీ పూర్తయి అది వచ్చేసరికి ఏడాది పైనే పట్టింది. వచ్చిన రోజు సిస్టరమ్మలు దానికి పూలదండ వేశారు. నేను బిస్మిల్లా అని స్విచ్ వేశాను.

రమ్‌జాన్ కన్నా ముందు, షాబాన్ నెలలో, అబ్బా బీపీ చూపించుకోవడానికి వచ్చారు. నేను అప్పుడే ట్రైనింగ్ పూర్తి చేసి, దొరికిన ప్రతి మెడ మీదా రియాజ్ చేస్తున్నాను. "అబ్బా, ఇజాజత్ ఇస్తే మీ గొంతు చూస్తాను" అన్నాను. మెడ కింద, ఛాతీ ఎముక మొదలయ్యే చోట గుంట ఉంటుంది కదా, దానికి కాస్త పైన జెల్ రాసి, యంత్రం చేతిని అడ్డంగా పెట్టాను. తెర మీద తెల్లటి వంపు గీత ఒకటి కనిపించింది, కింద నల్లటి నీడ. అదే శ్వాసనాళం. లోపల గాలి ఉంటుంది కాబట్టి శబ్దతరంగాలు దాన్ని దాటలేక వెనక్కి తిరుగుతాయి. అందుకే ఒడ్డు తెల్లగా, ఆ కింద నీడగా కనిపిస్తుంది.

అబ్బా కళ్లద్దాలు సర్దుకుని చూశారు. "అరే, చాంద్ కదా ఇది! బోర్లా పడుకుంది" అన్నారు.

పక్కన మసకగా ముడుచుకున్న అన్నవాహికని చూపించి, గ్లాసు నీళ్లిచ్చి ఒక గుటక వేయమన్నాను. గుటక దిగేటప్పుడు అక్కడ తెల్లటి చుక్కలు మిలమిలా మెరిసి మళ్లీ మాయమైపోయాయి. అబ్బా చిన్నపిల్లాడిలా ఇంకో గుటక వేసి చూసుకున్నారు.

అసలు విషయం ఇంతే. ట్యూబ్ శ్వాసనాళంలోకి పోతే అక్కడ ముందే గాలి ఉంది కాబట్టి తెర మీద ఒక్క చాందే ఉంటుంది. అన్నవాహికలోకి పోతే, ముడుచుకున్న ఆ గొట్టం ట్యూబ్ చుట్టూ తెరుచుకుంటుంది, పక్కన ఇంకో తెల్లటి వంపు, ఇంకో నీడ పుడతాయి. రెండో చాంద్. "ఒకే రాత్రి రెండు చాంద్‌లు కనిపిస్తే ఎక్కడో గల్తీ ఉన్నట్టే కదా" అన్నారు అబ్బా. రెండు కమిటీలు రెండు రోజులు ఈద్ ప్రకటించిన సంవత్సరం ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది, చాలాసేపు నవ్వుకున్నారు.

దీనికి సబూత్ కూడా ఉంది. 2011లో తైవాన్ డాక్టర్లు ఎమర్జెన్సీలో ట్యూబ్ వేసిన 112 మందిని ఇలా చూశారు. నూటికి 98 సార్లు జవాబు సరిపోయింది. చూడటానికి పట్టిన టైమ్ సుమారు తొమ్మిది సెకన్లు. ఇంకో ఫాయిదా ఉంది. దీనికోసం మనం రోగికి ఒక్క ఊపిరి కూడా ఇవ్వక్కర్లేదు. తప్పు దారిలో ఉంటే కడుపులోకి గాలి కొట్టకముందే తెలిసిపోతుంది.

ఆ రమ్‌జాన్‌లోనే, తరావీహ్ అయి జనం ఇళ్లకి పోతున్న వేళ, ఆటోలో ఒకాయనని తీసుకొచ్చారు. హలీమ్ భట్టీ దగ్గర పనిచేసే మనిషి. నలభై ఉంటాయి. తెల్లవారినప్పటి నుంచి కట్టెల పొగలో నిలబడి, డేగ్‌లో గోధుమ, మాంసం కలిసిపోయేదాకా ఘోటా కొట్టే పని. చిన్నప్పటి నుంచి దమా. భట్టీ సీజన్ నెల రోజులే, ఆ డబ్బుతోనే పిల్లల బట్టలు, స్కూలు ఫీజు. పీల్చే మందు అయిపోయి వారమైందని, కొనడం వాయిదా వేస్తున్నాడని తర్వాత తెలిసింది.

ముందుకి వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క లఫ్జ్ కూడా పూర్తిగా పలకలేడు. పెదాలు నీలం. నెబ్యులైజర్, స్టెరాయిడ్, మెగ్నీషియం, ఇవ్వాల్సినవన్నీ ఇచ్చాం. అరగంటకి అతను శాంతంగా అయిపోయాడు. దమా మనిషి శాంతంగా అయిపోతే మాకు ఖౌఫ్ పుడుతుంది. అలసిపోయి, ఊపిరి తీయడం మానేస్తున్నాడని అర్థం. కళ్లు మూతలు పడుతున్నాయి. ట్యూబ్ వేయాలి.

అల యంత్రం ఆ రాత్రి థియేటర్‌లో సిజేరియన్ దగ్గర ఉంది. వార్డు బాయ్‌ని పంపాను. వచ్చేదాకా ఆగే టైమ్ లేదు. మందులిచ్చాం. మా పీజీ తమ్ముడు ట్యూబ్ పట్టుకున్నాడు, నేను మెడ మీద అల్ట్రాసౌండ్ పెట్టాను.

ట్యూబ్ దిగింది. తెర మీద చాంద్ పక్కన ఇంకో చాంద్ విచ్చుకుంది.

"బయటికి తీయ్" అన్నాను. పిల్లాడు ఒక్క క్షణం నా మొహం చూసి తీసేశాడు. సంచీ ఒక్కసారి కూడా నొక్కలేదు. మాస్క్‌తో నాలుగు ఊపిర్లు ఇచ్చి మళ్లీ వేశాడు. ఈసారి తెర మీద కాస్త కదలిక, తర్వాత ఒక్క చాంద్. పక్కన అన్నవాహిక ముడుచుకునే ఉంది.

పిల్లాడు స్టెతస్కోపు పెట్టాడు. మొహం పాలిపోయింది. "మేడమ్, ఏమీ వినిపించట్లేదు. రెండు వైపులా సైలెంట్. సంచీ కూడా గట్టిగా ఉంది. తీసేద్దామా?"

మీటర్ 84. పడిపోతోంది. నిజంగానే ఏమీ వినిపించడం లేదు, నేను కూడా పెట్టి విన్నాను. చేతులు చల్లబడ్డాయి. ఆ పాత రాత్రి మొత్తం ఒక్కసారి కళ్ల ముందుకి వచ్చింది. అప్పుడు ట్యూబ్ తప్పు చోట ఉంటే చెవులు సరిగ్గా ఉందన్నాయి. ఇప్పుడు చెవులు లేదంటున్నాయి. తప్పు ట్యూబ్‌ని వదిలేస్తే మనిషి పోతాడు. సరైన ట్యూబ్‌ని భయంతో లాగేసినా మనిషి పోతాడు, ఇలాంటి ఛాతీలోకి ఇంకోసారి వేసే మోకా దొరకకపోవచ్చు. దమా బాగా ముదిరితే గాలి గొట్టాలు ఎంతగా బిగుసుకుంటాయంటే శబ్దం పుట్టేంత గాలి కూడా కదలదు. అలాంటి ఛాతీ దగ్గర స్టెతస్కోపు గూంగీ గవాహ్.

మళ్లీ మెడ మీద పెట్టి చూశాను. ఒక్కటే చాంద్. ఎడమకి జరిపి చూశాను. ఇంకోటి లేదు. తర్వాత ఛాతీ మీద, పక్కటెముకల మధ్య పెట్టాను. ఊపిరితిత్తి పొర ఛాతీ గోడకి రాసుకుంటూ జారుతుంటే తెర మీద తెల్లగీత వెంట చీమలు పాకినట్టు కనిపిస్తుంది. కుడివైపు కనిపించింది, చాలా సన్నగా. ఎడమవైపు కూడా కనిపించింది. ట్యూబ్ మరీ లోతుకి పోతే కుడి ఊపిరితిత్తిలోకే దిగిపోతుంది, ఎందుకంటే ఆ కొమ్మ వెడల్పుగా, తిన్నగా ఉంటుంది. అప్పుడు ఎడమవైపు చీమలు ఆగిపోతాయి. ఇక్కడ రెండు వైపులా నడుస్తున్నాయి.

"తీయొద్దు. సరైన చోటే ఉంది. మెల్లగా నొక్కు, బయటికి పోవడానికి టైమ్ ఇవ్వు" అన్నాను.

83. 83. 85. ట్యూబ్‌లోంచే మందు పంపాం. సిస్టరమ్మ పెదాలు కదులుతున్నాయి, ఆమె తన దేవుణ్ని, నేను నా అల్లాహ్‌ని. 88. 91. కొన్ని నిమిషాల తర్వాత పిల్లాడు మళ్లీ స్టెతస్కోపు పెట్టి తలెత్తాడు. "పిల్లికూతలు మేడమ్!" అని అరిచాడు. దమా మనిషి ఛాతీలో పిల్లికూతలు విని అంత ఖుషీ పడిన డాక్టర్లు మేమే అయి ఉంటాం. గాలి కదులుతోంది కాబట్టే కూత వస్తోంది.

అప్పుడొచ్చాడు వార్డు బాయ్, ఒగర్చుకుంటూ, అల యంత్రం మోసుకుని. తగిలించగానే తెర మీద అల లేచింది. దమాలో అలకి నిటారు గోడలుండవు, సొరచేప రెక్కలా ఏటవాలుగా లేస్తుంది. అలాగే లేచింది. మళ్లీ లేచింది. వరసగా లేస్తూనే ఉంది. ఇప్పుడు గవాహ్‌లు ఇద్దరయ్యారు.

బయటికి వచ్చాను. బురఖాలో ఆయన బీవీ, చంకలో చిన్నపిల్ల. "సాంస్ హై క్యా డాక్టర్ అమ్మా?" అంది.

ఆ సవాల్‌కి జవాబు చెప్పే ముందు ప్రతిసారీ నా గొంతులో ఏదో అడ్డం పడుతుంది. "హౌ అమ్మా. మిషన్‌తో ఇస్తున్నాం. రెండు వైపులా పోతోంది. నా కళ్లతో చూసి వస్తున్నాను. ఇంకా ఖత్రా ఉంది, దువా చేయండి" అన్నాను. ఆమె గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

మూడో రోజు ట్యూబ్ తీశాం. గొంతు బొంగురుపోయి, మొదట అడిగింది భట్టీ మీద ఎవరున్నారని. పీల్చే మందు ఎలా వాడాలో, పొగకి ఎందుకు దూరంగా ఉండాలో కూర్చోబెట్టి చెప్పాను. "వచ్చే సాల్ మాంసం కోసే పని అడుగుతా" అన్నాడు. అడిగాడో లేదో తెలియదు. ఆకలి ముందు డాక్టర్ మాట ఎంత నిలుస్తుందో నాకు తెలుసు.

ఇదంతా చదివి అల్ట్రాసౌండ్ ఉంటే చాలని అనుకోకండి. మెడ కాలినవాళ్లలో, చర్మం కిందికి గాలి చేరినవాళ్లలో ఆ చాంద్ సరిగ్గా కనిపించదు. కొందరిలో అన్నవాహిక సరిగ్గా శ్వాసనాళం వెనకే దాక్కుంటుంది, రెండోది ఆ నీడలో పడిపోతుంది. చేయి అలవాటు లేనివాళ్లు చూస్తే లేనిది కనిపిస్తుంది, ఉన్నది కనిపించదు. అందుకే మొదటి గవాహ్ అల యంత్రమే. అల్ట్రాసౌండ్ రెండో గవాహ్. నికాహ్‌కి ఇద్దరు కావాలని మన పెద్దలు ఊరికే అనలేదు. ఒక ప్రాణానికి కూడా కనీసం ఇద్దరు ఉండాలి కదా. మీ ఊరి ఆస్పత్రి కమిటీలో ఎవరైనా మీ పరిచయస్తులుంటే, క్యాజువాలిటీలో ఆ అల యంత్రం ఉందా, రాత్రిపూట పనిచేస్తుందా అని అడగండి. గేటు రంగు, ఆర్చీ సంగతి తర్వాత అడగొచ్చు. అది మీ హక్.

కేస్ షీట్‌లో ఆ రాత్రి నేను ఏం వాడానో, ఏం కనిపించిందో, ఎన్ని గంటలకో రాశాను. మొదటి ట్యూబ్ తప్పు దారిలో పోయిందని కూడా రాశాను. పీజీ తమ్ముడు భయపడ్డాడు. "రాయాలా మేడమ్?" అన్నాడు. రాయాలి అన్నాను. తర్వాత ఆయన బీవీకి కూడా చెప్పాను, మొదటిసారి తప్పింది, వెంటనే చూసి సరిచేశాం అని. ఆమెకి ఎంత అర్థమైందో కానీ తల ఊపింది. ఆ పురుగుల మందు అబ్బాయి అమ్మకి నేను చెప్పనిది ఎవరికి చెప్పినా తీరదు. ఆమె ఏ ఊరో కూడా నాకు గుర్తులేదు. కొంగు మీది మరక గుర్తుంది.

ఆ ఏడు చాంద్ రాత్‌కి డ్యూటీ లేదు. మగ్రిబ్ తర్వాత అందరం మిద్దె మీదికి ఎక్కాం. పడమర వైపు మబ్బు పట్టి ఉంది. పిల్లలు అదిగో ఇదిగో అని అరుస్తున్నారు, ఒకడు సెల్ టవర్ లైటుని చూపిస్తున్నాడు. అబ్బా కళ్లు ఇప్పుడు సరిగ్గా కనిపించవు. నా భుజం పట్టుకుని, "బేటీ, కనిపించిందా?" అన్నారు.

చాలాసేపు చూశాను. మబ్బు అంచున ఏదో తెల్లగా ఉన్నట్టే ఉంది.

"నాకు కనిపించలేదు అబ్బా" అన్నాను.

ఆయన తల ఊపి, అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాసేపటికి మసీదు మైకు గరగరలాడింది. ఎక్కడో, ఎవరో చూశారట. కింద గల్లీలో పటాకులు మొదలయ్యాయి.